బాండ్ సంగతి వదిలేసి బుధవారం సంగతి అడగండి

ఇక్కడ ఇంగ్లండులో పోయిన సంక్రాంతి సంబరాల్లో భోజనాల వరుసలో నిలబడి ఉండగా ఒక పెద్దాయన అడిగారు, "మీ అమ్మాయి ఏ యూనివర్సిటీలో చేరిందండీ?" అని. నేను నోరు తెరిచేలోపే మా ఆవిడ అందుకుని, "కంప్యూటర్ సైన్స్ అండీ" అనేసి ఆయన చేతికి పప్పు గరిటె ఇచ్చింది. మాట అక్కడితో ఆగిపోయింది.

మా అమ్మాయి ఒక పెద్ద కంపెనీలో టెక్నాలజీ డిగ్రీ అప్రెంటిస్. రెండో ఏడు నడుస్తోంది. డిగ్రీ పేరు కూడా కంప్యూటర్ సైన్స్ కాదు, డిజిటల్ అండ్ టెక్నాలజీ సొల్యూషన్స్. వారంలో నాలుగు రోజులు ఉద్యోగం, ఒక రోజు చదువు, నెలాఖరుకి జీతం. సిగ్గుపడాల్సింది ఇందులో ఏమీ లేదని మా ఇద్దరికీ తెలుసు. అయినా ఏడాదిన్నరగా ఎవరు అడిగినా గరిటె అందిస్తూనే ఉన్నాం.

చిక్కంతా ఆ మాటతోనే. అప్రెంటిస్ అనగానే మన కళ్ల ముందు ఐటీఐ, ఆర్టీసీ డిపో, రైల్వే వర్క్‌షాపు మెదులుతాయి. చేతికి గ్రీజు అంటుకునే పని చదువు అబ్బనివాళ్లదని మన ఇళ్లలో ఎవరూ పైకి అనకుండానే నేర్పేశారు. ఎంసెట్ ర్యాంకు చెప్పుకుని పెళ్లి సంబంధాలు మాట్లాడుకున్న తరం మాది. నేను నాలుగేళ్ల బీటెక్‌లో ఒక్క నిజమైన వాడకందారుడి కోసం ఒక్క లైను కోడ్ కూడా రాయలేదు. ఆ సంగతి మాత్రం ఏ సంబంధంలోనూ ఎవరూ అడగలేదు.

ఇంగ్లండులో ఈ డిగ్రీ అప్రెంటిస్‌షిప్‌లు 2015లో మొదలయ్యాయి. పెద్ద ఎత్తున పెరగడానికి కారణం ఒక పన్ను. ఏడాదికి 30 లక్షల పౌండ్లకు మించి జీతాలిచ్చే సంస్థలు ఆ పై మొత్తం మీద అర శాతం అప్రెంటిస్‌షిప్ లెవీ కట్టాలని 2017 ఏప్రిల్‌లో నిబంధన వచ్చింది. కట్టిన డబ్బును శిక్షణకు వాడుకోకపోతే పోయినట్టే. దాంతో బ్యాంకులు, టెలికాం కంపెనీలు, కన్సల్టింగ్ కంపెనీలు యూనివర్సిటీలతో ఒప్పందాలు చేసుకుని పద్దెనిమిదేళ్ల పిల్లల్ని తీసుకోవడం మొదలుపెట్టాయి. డైసన్ అయితే అదే ఏడాది విల్ట్‌షైర్‌లోని మామ్స్‌బరీలో ఇంజనీరింగ్ కోసం సొంత విద్యాసంస్థనే తెరిచింది. స్కాట్లండులో ఇలాంటి దాన్నే గ్రాడ్యుయేట్ అప్రెంటిస్‌షిప్ అంటారు. అక్కడి నిబంధనలు వేరు.

మనవాళ్లు మొదట అడిగేది డబ్బు గురించే కాబట్టి అది ముందే చెప్పేస్తాను. 2025-26లో ఇక్కడి విద్యార్థులకు యూనివర్సిటీ ఫీజు ఏడాదికి 9,535 పౌండ్ల దాకా ఉంది. 2023 ఆగస్టు నుంచి చేరి లోను తీసుకున్నవాళ్ల ఏడాది జీతం 25,000 పౌండ్లు దాటితే ఆ పైన వచ్చేదానిలో 9 శాతం కట్టాలి. అప్పు తీరకపోతే అలా 40 ఏళ్ల దాకా కడుతూనే ఉండాలి. అప్రెంటిస్‌కు ఫీజూ లేదు, లోనూ లేదు.

రెండో ప్రశ్న, "మరి బాండ్ ఎన్నేళ్లు?" అంటే చదువయ్యాక ఆ కంపెనీకే కట్టుబడి ఎన్నేళ్లు పనిచేయాలని. దీన్ని నన్ను కనీసం అరడజను మంది అడిగి ఉంటారు. ఊరికే చదివిస్తున్నారంటే ఎక్కడో మెలిక ఉండే ఉంటుందని మన అనుమానం. తప్పు పట్టను, శిక్షణ ఇచ్చి సర్టిఫికెట్లు లాకర్లో పెట్టుకున్న కంపెనీలను చూసి వచ్చినవాళ్లం కదా. కానీ ఇక్కడి ప్రభుత్వ నిధుల నిబంధనల ప్రకారం శిక్షణ ఖర్చును అప్రెంటిస్ నుంచి వసూలు చేయకూడదు, మధ్యలో మానేసినా సరే. ఈ ఒక్క ముక్క తెలిస్తే మనవాళ్ల టెన్షన్ సగం తగ్గుతుంది.

ఇక మూడోది, మార్కులు రాని పిల్లలకే ఇవి అనే మాట. ఇది వింటే నాకు నవ్వూ కోపమూ కలిసి వస్తాయి. యూనివర్సిటీకైతే యూకాస్ అనే ఉమ్మడి దరఖాస్తు సంస్థ ఫారం ఒక్కటి నింపితే అయిదు చోట్లకు వెళ్తుంది. ఇక్కడ ప్రతి కంపెనీకీ విడిగా రాసుకోవాలి. ఆన్‌లైన్ పరీక్షలు, కెమెరా ముందు మాట్లాడే వీడియో ఇంటర్వ్యూ, ఆ పైన అసెస్‌మెంట్ సెంటర్, అంటే కొంతమందిని ఒక చోటికి పిలిచి గ్రూప్ టాస్క్‌ల లాంటివి పెట్టి చూడటం. మా అమ్మాయి పదకొండు చోట్ల దరఖాస్తు చేస్తే రెండు చోట్లకు పిలుపు వచ్చింది.

మొదటి అసెస్‌మెంట్ సెంటర్లో పోయింది. గ్రూప్ టాస్క్‌లో మిగతా అయిదుగురూ మాట్లాడుతుంటే తను తన వంతు కోసం ఎదురు చూస్తూ కూర్చుందట. వంతు రాలేదు. ఇంటికొచ్చి చెబుతుంటే నాకు గుండెలో కలుక్కుమంది. నలుగురు మాట్లాడుతున్నప్పుడు మధ్యలో దూరకూడదని, అడిగితేనే చెప్పాలని నేర్పింది మేమే. మ్యాథ్స్ ట్యూషన్‌కు ఏళ్ల తరబడి పోసిన డబ్బు ఆ గంటలో దేనికీ పనికి రాలేదు. రెండో చోటుకు వెళ్లే ముందు వాళ్ల అత్త వారం రోజులు భోజనాల బల్ల దగ్గర కావాలనే దాని మాటకు అడ్డొస్తూ, వాదిస్తూ కూర్చుంది. అది పనిచేసింది.

ఇంత చెప్పానని అందరూ పిల్లల్ని ఇటే తోయమని కాదు. వద్దనడానికి నిజమైన కారణాలు కొన్ని ఉన్నాయి. మనం వాటిని అడగడం లేదనే నా గోల.

అన్నిటికంటే పెద్దది చదువుకునే రోజు. పని వేళల్లోనే చదువుకు సమయం ఇవ్వాలి, అది శిక్షణలో భాగం. వారంలో ఒక రోజని మామూలు లెక్క. మా అమ్మాయికి అది బుధవారం. మొదటి టీమ్‌లో మేనేజరు మంచివాడే, కానీ బుధవారం పదకొండింటికి మీటింగ్ పెట్టేవాడు. తర్వాత "చిన్న పనే, మధ్యాహ్నంలోపు చూడు" అనేవాడు. కొత్తగా చేరిన పద్దెనిమిదేళ్ల పిల్ల కాదని ఎలా అంటుంది? నవంబరు వచ్చేసరికి అసైన్‌మెంట్లు శనాదివారాలకు చేరాయి. నేను ఏమన్నానో చెబితే మీరు నవ్వుతారు. "కొత్తలో సర్దుకుపోవాలమ్మా" అన్నాను. ఇరవై ఏళ్లుగా ఐటీలో సర్దుకుపోయిన మనిషిని, వేరే సలహా ఎక్కణ్ణుంచి వస్తుంది! చివరికి కంపెనీ, విద్యార్థి, యూనివర్సిటీ ముగ్గురూ కూర్చునే సమీక్షలో యూనివర్సిటీ తరఫు కోచ్ ఆ ప్రస్తావన తెచ్చింది. అప్పటికి ఒక మాడ్యూల్లో మార్కులు పడిపోయాయి. అందుకే ఇంటర్వ్యూ చివర్లో "మీరేమైనా అడుగుతారా?" అన్నప్పుడు అడగాల్సింది ఇదే: చదువు రోజున మీటింగ్ పడితే వద్దనేది ఎవరు? ఈ ప్రశ్నకు తడబడే కంపెనీ ఎంత పెద్దదైనా నేనైతే ఆలోచిస్తాను.

రెండోది సెలవులు. ఉద్యోగి కాబట్టి ఉద్యోగి సెలవులే. వేసవిలో ఆరు వారాలు ఇండియాలో తాతగారింట్లో గడపడం అనేది మా ఇంట్లో ముగిసిపోయింది. హాస్టల్ గదిలో తెల్లవారుజాము దాకా కబుర్లు కూడా ఉండవు. దీన్ని నేను తేలిగ్గా తీసుకోను. నా స్నేహితులందరూ ఆ నాలుగేళ్లలో దొరికినవాళ్లే.

కొన్ని చిన్న విషయాలు పెద్ద తలనొప్పులు అవుతాయి. వారానికి 195 పౌండ్లకు మించి జీతం ఉన్న అప్రెంటిస్‌కు కౌన్సిల్ ట్యాక్స్ (ఇక్కడి ఇంటి పన్ను) రాయితీ రాదు. అందరూ స్టూడెంట్లే ఉన్న ఇంటికి ఆ పన్ను ఉండదు, కానీ అప్రెంటిస్ వాళ్లతో కలిసి ఇల్లు తీసుకుంటే ఆ బిల్లు ఇంటికి వస్తుంది. వీసా మీద ఉన్న కుటుంబాలైతే ఇక్కడ మూడేళ్లుగా నివాసం ఉండాలనే షరతు ముందే చూసుకోవాలి. చదువు కోసం ఇచ్చిన వీసా మీద ఉన్నవాళ్లకు ఈ దారి లేదు. డిగ్రీ అయ్యాక ఉద్యోగం కొనసాగిస్తారని రాతపూర్వక హామీ చాలా చోట్ల ఉండదు. మధ్యలో కంపెనీ ఉద్యోగాలు తగ్గించడం వల్ల పని పోతే కొత్త కంపెనీ వెతుక్కోవడానికి కనీసం 12 వారాలు శిక్షణ కొనసాగించే ఏర్పాటు మాత్రం ఉంది.

ఈ ఏడాది ఇంటర్... క్షమించాలి, ఏ లెవెల్స్ రెండో ఏడుకు వస్తున్న పిల్లలున్న తల్లిదండ్రులు సెప్టెంబరు నుంచే ప్రకటనలు చూడాలి. కావలసినంత మంది దొరకగానే గడువు తేదీ కంటే ముందే మూసేసే కంపెనీలున్నాయి. యూకాస్ దరఖాస్తు కూడా వేసి ఉంచండి, రెండూ ఒకేసారి నడపవచ్చు. ఉగాది సంబరాలకు మేము వస్తాం. మా అమ్మాయి మాట్లాడటానికి ఒప్పుకుంది, ఫోనులోనైనా సరేనంది. బుధవారం మాత్రం చేయొద్దంది.