ఆరో నెలలో ఎవరొస్తారు?

రైలు పట్టాలు తప్పినా, గ్యాస్ లీకైనా మర్నాడు పేపర్లో ఒక లైన్ తప్పకుండా కనిపిస్తుంది: బాధితులకు కౌన్సెలింగ్ ఇప్పించారు. ఒకసారి కూర్చోబెట్టి, జరిగిందంతా చెప్పించి, ధైర్యం చెప్పి పంపిస్తారు. ఉద్దేశం మంచిదే, ఫలితమే అనుమానం.

బ్రిటన్‌లో కాలిన గాయాలతో ఆస్పత్రిలో చేరినవాళ్లను లాటరీ వేసినట్టు రెండు గుంపులు చేసి, ఒక గుంపుకే ఇలాంటి సిట్టింగ్ ఒకటి ఇచ్చి చూశారు. 1997లో అచ్చయిన పరిశోధన ఇది. 13 నెలల తర్వాత పీటీఎస్‌డీ (ఘోరం జరిగిపోయాక కూడా దాని భయం వదలకుండా వెంటాడే మానసిక జబ్బు) ఉన్నది మాట్లాడించినవాళ్లలో 26 శాతం మందికి, ఊరికే వదిలేసినవాళ్లలో 9 శాతం మందికి. మొదటి గుంపులో గాయాలు కాస్త ఎక్కువ కాబట్టి మాట్లాడించడం వల్లే చెడిందని అనలేం. మేలు జరిగిందని మాత్రం అసలే అనలేం. ఇలాంటి ప్రయోగాలన్నీ కలిపి చూసిన సమీక్షలు కూడా ఒక్క సిట్టింగ్‌తో పీటీఎస్‌డీ ఆగదనే తేల్చాయి.

పెద్ద ప్రమాదం చూసిన మనిషి మొదట్లో ఉలిక్కిపడటం, నిద్రపోకపోవడం మామూలే. మన ఇళ్లలో 'జడుసుకున్నాడు' అంటారే, అదే. చాలామందికి దానంతటదే తగ్గుతుంది. నెల దాటినా వదలకపోతేనే డాక్టర్లు పీటీఎస్‌డీ అంటారు. అంటే మనం కౌన్సెలర్లను పంపే రోజుకి ఆ జబ్బింకా మొదలే కాలేదు. మొదలయ్యేసరికి వాళ్లూ, కెమెరాలూ ఊరు దాటేసి ఉంటారు.

2023 జూన్ 2న బాలాసోర్ దగ్గర ప్రమాదానికి గురైన కోరమండల్ ఎక్స్‌ప్రెస్ మన విశాఖ, రాజమండ్రి, విజయవాడ మీదుగా పోయే బండే. అలాంటి బోగీలోంచి బయటపడ్డ ఒక మనిషిని ఊహించుకోండి. ఆర్నెల్లయింది, కాలికి కట్టు విప్పేశారు. కానీ బ్రేకుల కీచుమన్న చప్పుడు వింటే చెమటలు పడతాయి. స్టేషన్ రోడ్డు తప్పించి చుట్టూ తిరిగి వెళ్తాడు. ఇంట్లోవాళ్లేమో 'ఆ ఊసెత్తకండి' అని ఒకరినొకరు వారించుకుంటారు. ఆర్‌ఎంపీ నిద్రమాత్రలు రాసిస్తాడు.

తప్పించుకునే కొద్దీ ఈ భయం ముదురుతుంది. పెన్సిల్వేనియా యూనివర్సిటీలో ఎడ్నా ఫోవా రూపొందించిన చికిత్స సరిగ్గా ఇక్కడే పట్టుకుంటుంది. కళ్లు మూసుకుని ఆ ఘడియను ఇప్పుడే జరుగుతున్నట్టు చెప్పాలి: బోగీ ఒరుగుతోంది, లైట్లు పోయాయి, నా మీద ఎవరో పడ్డారు. దాన్ని రికార్డు చేసి ఇంట్లో రోజూ వినాలి. తప్పించుకున్న రోడ్డు మీదికే మెల్లగా మళ్లీ వెళ్లాలి. వారాల తరబడి సాగే పని ఇది. మొదటి వారం కౌన్సెలింగ్‌లోనూ చెప్పించేది ఇదే కదా అంటారేమో. నా మటుకు నాకు అది పుండు కెలికి, కట్టు కట్టకుండా పంపినట్టే అనిపిస్తుంది.

మరి ఊరూరా సైకాలజిస్టులేరీ? దీనికి జవాబు తూర్పు కాంగోలో దొరికింది. అత్యాచారాలకు గురైన ఆడవాళ్లకు పల్లెల్లోనే చికిత్స జరిగింది. ఫోవాది కాదు, పీటీఎస్‌డీకే వాడే మరో మాటల చికిత్స. చేసినవాళ్లు హైస్కూలు దాకా చదివి, శిక్షణ తీసుకున్న స్థానికులు. వచ్చినవాళ్లలో చాలామందికి చదువు రాదు, అందుకని పాఠమంతా నోటికి వచ్చేలా మార్చారు. విడిగా ఒక సిట్టింగ్, గుంపుగా 11. ఆర్నెల్ల తర్వాత వీళ్లలో 9 శాతం మందికే డిప్రెషన్ లేదా ఆందోళన మిగిలింది. మామూలు ఓదార్పు, సాయం మాత్రమే అందినవాళ్లలో అది 42 శాతం. పీటీఎస్‌డీ లెక్కా దాదాపు ఇలాగే ఉంది. 2013లో వచ్చిన ఈ ఫలితం మీద మన దగ్గర చర్చ జరిగినట్టు నాకు గుర్తులేదు. పీటీఎస్‌డీకి ఎండీఎంఏ (ఎక్స్‌టసీ పేరుతో మత్తుకు వాడేది) మందుగా ఇవ్వడం గురించి మాత్రం వార్తలే వార్తలు. అదీ గంటల తరబడి మాట్లాడించడంతో కలిపి ఇచ్చేదే. మందులకు అనుమతులిచ్చే అమెరికా ఎఫ్‌డీఏ 2024 ఆగస్టులో అనుమతి నిరాకరించి, మరో ట్రయల్ చేసి రమ్మంది.

ఎక్స్‌గ్రేషియా కోసం రాసుకున్న జాబితాలో బాధితుల ఫోన్ నంబర్లు ఎలాగూ ఉంటాయి. రెండో నెలలో ఒకసారి, ఆరో నెలలో ఒకసారి ఆశా కార్యకర్త ఫోన్ చేసి 'నిద్ర పడుతోందా, రైలెక్కుతున్నారా?' అని అడగడానికి పెద్ద ఖర్చేమీ కాదు. 'లేదమ్మా' అన్నవాళ్లకు చికిత్స చేసే మనుషులను తయారు చేయడానికి అవుతుంది. ఏ జిల్లా బడ్జెట్‌లో ఆ పద్దు ఉందో చెప్పాల్సింది ప్రభుత్వాలే.