ఏరును ఏళ్ల తరబడి కొలిచేవారు కావాలి

వరద తీశాక పెన్నా ఇసుక చూడటానికి అంతకుముందులాగే ఉంటుంది. ఆ చూపును నమ్మి లెక్కలు వేయకూడదని అమెరికా శాస్త్రవేత్త లూనా లియోపోల్డ్ ఇనుప గొలుసులతో చూపించారు. న్యూమెక్సికోలో శాంటాఫే దగ్గర, ఏడాదిలో ఎక్కువ కాలం ఎండి ఉండే వాగుల్లో ఆయన బృందం గొలుసులను ఇసుకలోకి నిలువుగా పాతింది. వరదకు ఇసుక ఎంత లోతు వరకు లేచిపోతే గొలుసు అంతమేరా పక్కకు వాలిపోతుంది. నీరు తగ్గేటప్పుడు కొత్త ఇసుక వచ్చి దాన్ని కప్పేస్తుంది. తర్వాత తవ్వి చూస్తే, గొలుసు వంగిన చోటే కోత ఆగిన లోతు. రంగు వేసిన రాళ్లను వాగులో వదిలి, ఏ వరదకు ఏ రాయి ఎంత దూరం పోయిందో కూడా వెతికి రాసుకున్నారు.

ఇంత చవకైన పనిముట్లకు తోడు కావలసింది ఓపిక. మేరీలాండ్‌లోని వాట్స్ బ్రాంచ్ అనే చిన్న వాగుపై 41 ఏళ్ల పరిశీలనను ఆయన మరో ఇద్దరితో కలిసి 2005లో ప్రచురించారు. అప్పటికి ఆయన వయసు తొంభైకి చేరువ. మరుసటి ఏడాదే కన్నుమూశారు.

మన దగ్గర పరిశోధన గడువు మూడు నాలుగేళ్లు. మెట్ట ప్రాంతపు ఏరు ఆ గడువుకు లొంగదు. ఏళ్ల తరబడి చెలమల నీళ్లతో సరిపెట్టి, ఒక్క తుపానుకు గట్లు మార్చేస్తుంది. ఆ తుపాను పరిశోధకుడికి పట్టా వచ్చిన మర్నాడు రావచ్చు. 2021 నవంబరు వరదకు నెల్లూరు పక్కన పడుగుపాడు వద్ద రైలు కట్ట, జాతీయ రహదారి తెగిపోయాయి. సోమశిల గేట్ల నుంచి ఎన్ని క్యూసెక్కులు వదిలారో లెక్క ఉంటుంది. ఆ నీటి కింద ఏటి అడుగు ఎంత లోతుకు కదిలిందో గేట్ల లెక్క చెప్పదు. వంతెన స్తంభాలకు కావలసింది ఈ రెండో లెక్క.

ఇసుక సంగతీ ఇంతే. తవ్విన ఇసుక ఎంతవరకు తిరిగి చేరుతోందో తెలియాలంటే వానకాలానికి ముందూ తర్వాతా మట్టాలు కొలవాలని కేంద్ర మార్గదర్శకాలు చెబుతున్నాయి. అయితే నెల్లూరుకు అసలు వాన ఈశాన్య రుతుపవనాలది. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు పడుతుంది. ఇక్కడ 'తర్వాత' అంటే జనవరి. అక్టోబరు మొదట్లో కొలత ముగించినవారు వరద రాకముందే లెక్క మూసేసినట్టు. దస్త్రంలో మాత్రం అంతా సక్రమంగానే కనిపిస్తుంది!

శాంటాఫే కొలతల్లో తేలిన మరో విషయం ప్రకాశం మెట్టకు ఇంకా ముఖ్యం. అక్కడ వాగుల్లోకి చేరిన మట్టిలో సింహభాగం నీరు నేలను కోసి చేసిన, కళ్లకు కొట్టొచ్చినట్టు కనిపించే గండ్ల నుంచి కాక, వాలు నేలల మీద పలచగా కొట్టుకుపోయిన పైపొర నుంచి వచ్చింది. శాంటాఫే మనకంటే చాలా పొడి ప్రాంతం కనుక ఆ అంకెలను తెచ్చి కనిగిరి, పొదిలి నేలలకు అతికించలేం. కానీ ఆ ప్రశ్న మనదీ అవుతుంది. చెక్‌డ్యాం వెనుక పూడిక ఎక్కడినుంచి వస్తోందో కొలవకుండా, ఏటా పూడిక తీయడానికే డబ్బు పోయడం నాకు అర్థం కాని పొదుపు.

నెల్లూరులో విక్రమ సింహపురి, ఒంగోలులో ఆంధ్రకేసరి విశ్వవిద్యాలయాలు ఉన్నాయి. చెరొక వాగును ఎంచుకుని, అధ్యాపకుడు మారినా ఆగని కొలతల పుస్తకం ఒకటి మొదలుపెట్టవచ్చు. ఇరవై ఏళ్లు ఒకే వాగును చూసినవారికి పదోన్నతిలో విలువ ఇస్తేనే ఇది సాగుతుంది. పత్రాల సంఖ్యే కొలమానమైతే ఎవరూ ఆ ఎండలో నిలబడరు.

గొలుసు పాతితే ఇసుకతోపాటు పొక్లెయిన్ దాన్నీ ఎత్తుకుపోతుందన్న అభ్యంతరం న్యాయమైనదే. అందుకే మొదటి గొలుసులను ఇసుక తవ్వే రీచ్‌లకు దూరంగా, వెలిగొండల్లో పుట్టే పాలేరు, మన్నేరు ఎగువ పాయల్లో పాతాలి. పెన్నాలో వంతెనల దగ్గర తవ్వకం నిషేధించిన మేరలో, అదీ నిషేధం నిజంగా అమలయ్యే చోట, పాతుకోవచ్చు.