ఐదు గళ్లు, ఒక్క కన్ను

మనిషిని సోఫాలోంచి లేవనివ్వకుండా చూడటమే నాగరికత అసలు లక్ష్యమంటే చాలామంది పెద్దలు ఒప్పుకోరు. కానీ ఇళ్లలోకి వచ్చిన యంత్రాలన్నీ ఆ మాటే చెబుతున్నాయి. రిమోటు వచ్చి టీవీ దాకా నడిచే శ్రమ తీసేసింది. సినిమా అయిపోయాక డిస్కు మార్చడానికి లేవాల్సిన శ్రమ ఒక్కటే మిగిలిపోయింది. ఆ చివరి అన్యాయాన్ని రూపుమాపడానికి పుట్టిందే ఐదు డిస్కుల డీవీడీ ప్లేయరు. అలాంటిదానికి నేను చాలాకాలంగా యజమానిని. అంచేత ఈ విషయంలో నా మాటకి కొంత బరువుంది, ప్లేయరుకి ఉన్నంత కాకపోయినా.

ముందు వస్తువు పరిచయం. మామూలు ప్లేయరు లావుపాటి పుస్తకం లాంటిది, అలమారలో ఎక్కడ ఇరికించినా ఇరుకుతుంది. మనది అలా కాదు. 12 సెంటీమీటర్ల డిస్కులు ఐదింటిని గుండ్రంగా పరచాలంటే ఎంత చోటు కావాలో అంత వెడల్పు, అంతకు తగ్గ లోతు. టీవీ స్టాండులో పెడితే ముందుకి నాలుగు వేళ్లు పొడుచుకొస్తుంది. వెనక్కి తోస్తే వైర్లు గోడకి నలుగుతాయి. ఓపెన్ నొక్కగానే సగం పెట్టె బయటికొచ్చేస్తుంది. చూస్తే లోపల రంగులరాట్నం! ముందువైపు గళ్లు మనకి కనిపిస్తాయి, వెనకవి చీకట్లో ఉంటాయి. డిస్క్ స్కిప్ నొక్కితే రాట్నం మెల్లగా తిరిగి వాటిని ముందుకి తెస్తుంది. మొదటిరోజు ఇంటిల్లిపాదీ నిలబడి ఇదే చూశాం. నిజం చెప్పాలంటే ఆ ప్లేయరు ద్వారా మేం చూసినవాటన్నిట్లోకీ బాగున్నది అదే.

ట్రే మూసుకున్నాక అసలు కథ మొదలవుతుంది. రాట్నం తిరిగి ఒక గడి దగ్గర ఆగుతుంది. గర్ర్ మని ఏదో పైకి లేస్తుంది, టక్ మని డిస్కుని పట్టుకుంటుంది, గిర్రున తిప్పుతుంది. డీవీడీ అయితే 650 నానోమీటర్ల ఎర్ర లేజరు, పాటల సీడీ అయితే కంటికి కనబడని 780 నానోమీటర్ల లేజరు. వాటితో తడిమి తడిమి, ఇది సినిమానా, పాటలా, ఎవరో తలకిందులుగా పెట్టిన డిస్కా అని తేల్చుకుంటుంది. ఈ తతంగమంతా ఒక్క గడికి. గళ్లు ఐదున్నాయి గానీ చూసే కన్ను ఒక్కటే. డబ్బా మీద ఐదు అంకె అరచేయంత ఉంటుంది, ఈ ఒక్కటి సంగతి మాత్రం ఎక్కడా ఉండదు.

మా బావ మొదటిసారి చూసి, “ఐదూ ఒకేసారి ఆడతాయా బావా?” అన్నాడు.

“లేదు, ఒకటే ఆడుతుంది.”

“మరి మిగతా నాలుగూ?”

“వరసలో ఉంటాయి.”

“ఎందుకు?”

దీనికి ఇప్పటికీ నా దగ్గర జవాబు లేదు. కాబట్టి మా బావకి టెక్నాలజీ అర్థం కాదని ఆ రోజు నుంచి అందరికీ చెబుతున్నాను.

గిట్టనివాళ్లు లెక్కలు కూడా తీస్తారు. సినిమా రెండు గంటలనుకుంటే ఐదు సినిమాలు పది గంటలు. పది గంటలు లేవకుండా కూర్చునే శరీరం ఇంతవరకు తయారు కాలేదు, మధ్యలో ఎలాగూ లేస్తావు, లేచినవాడివి ఆ చేత్తోనే డిస్కు మార్చలేవా అంటారు. చూడటానికి ఇది తిరుగులేని వాదనే. కానీ లేవాల్సి వచ్చి లేవడం వేరు, డిస్కు కోసం లేవడం వేరు. రెండోదాంట్లో అవమానం ఉంది. అయితే ఒక మాట. ఐదారు డిస్కుల సీరియల్ సెట్లు చూసేవాళ్లకి ఇది నిజంగానే పనికొస్తుంది. వ్యంగ్య వ్యాసంలో ఇలాంటివి ఒప్పుకోకూడదు కానీ ఒప్పుకుంటున్నాను.

ఇక యజమానులు ఇంటర్నెట్‌లో రాసే అభిప్రాయాలు. కొనబోయే ముందు వీటిని వందల కొద్దీ చదివాను. కొన్నాక ఇంకా ఎక్కువ చదివాను. ముందు చదివింది తెలుసుకోడానికి, తర్వాత చదివింది ఓదార్పుకి. కాకి పిల్ల కాకికి ముద్దంటారు. పాపం కాకి ఆ పిల్లని డబ్బిచ్చి కొనుక్కోలేదు. డబ్బిచ్చి కొన్నదాని మీద ముద్దు ఇంకో రకం, దానికి రసీదు కూడా ఉంటుంది.

ఒకాయన రాస్తాడు: డబ్బా ఇప్పుడే వచ్చింది, ఇంకా విప్పలేదు, అద్భుతం, ఐదు నక్షత్రాలు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు. ఇంకొకాయన ఒకే నక్షత్రం ఇచ్చాడు, ఎందుకంటే అట్టపెట్టె ఒక మూల నొక్కుకుపోయిందట. లోపలి ప్లేయరు ఎలా ఉందో ఒక్క ముక్క లేదు. మరొకావిడ మామగారికి కానుకగా ఇచ్చారు. ఆయన ఏమీ అనలేదట. ఏమీ అనలేదంటే బాగున్నట్టే అని నాలుగు నక్షత్రాలు వేశారు. ఆ తగ్గిన ఒక్క నక్షత్రం ప్లేయరుదా, మామగారిదా అన్నది నేనింకా ఆలోచిస్తున్నాను.

కోపంగా రాసేవాళ్ల సంగతి వేరు. ఫైటు మధ్యలో, సరిగ్గా దెబ్బ పడే సమయానికి బొమ్మ రెప్పపాటు ఆగిందట. “దరిద్రపు మిషన్” అని ఒకాయన తీర్పు. నిజానికి అందులో మిషన్ తప్పేమీ లేదు. డీవీడీ చూడటానికి ఒకే రేకులా ఉన్నా, 0.6 మిల్లీమీటర్ల మందమున్న రెండు రేకులు అతికించి చేసింది. ఒకే పొరైతే 4.7 జీబీ, రెండు పొరలైతే 8.5 జీబీ పడుతుంది. సినిమా పెద్దదైతే మొదటి పొర అయిపోయాక లేజరు రెండో పొర మీదికి చూపు మార్చుకోవాలి. ఆ మార్చుకునే క్షణమే బొమ్మ ఆగేది. పేజీ తిప్పేటప్పుడు కథ ఆగిందని పుస్తకాన్ని ఎవరూ తిట్టరు. కానీ పుస్తకానికి ప్లగ్గు ఉండదు. ప్లగ్గు ఉన్నదాన్ని తిట్టే హక్కు మనకి పుట్టుకతోనే వచ్చింది.

డిస్కు మీద వేలిముద్రలు పడేసి ప్లేయరుని తిట్టేవాళ్లయితే లెక్కలేనంతమంది. అద్దం తుడిచినట్టు గుండ్రంగా తుడిచి, అప్పుడు కూడా ఆడలేదని రెండోసారి తిడతారు. మధ్యలోంచి అంచుకి నేరుగా తుడవాలి నాయనా. గీత అడ్డంగా పడితే ప్లేయరు ఎలాగో సర్దుకుంటుంది. ట్రాకు వెంట గుండ్రంగా పడితే వరసగా బోలెడు సమాచారం పోయి, దాని వల్ల కూడా కాదు. మూడు నక్షత్రాలు వేసి ఇలాంటివి ఓపిగ్గా రాసేవాళ్లు కూడా ఉంటారు గానీ, వాళ్లని చదివేదెవరు?

ఇంతమంది ఇన్ని రాశారు గదా, అసలు రహస్యం మాత్రం కొనక ముందు నా కంటపడలేదు. ఒక సినిమా అయిపోగానే రెండో సినిమా దానంతటదే మొదలవుతుందనే కదా ఐదు గళ్లు కొన్నది. కానీ సినిమా అయ్యాక చాలా డీవీడీలు ఏం చేస్తాయి? తిరిగి మెనూకి వెళ్లి కూర్చుంటాయి. మెనూ అంటే డిస్కు ఇంకా నడుస్తున్నట్టే లెక్క. కాబట్టి ప్లేయరు రెండో గడికి వెళ్లదు. తన ధర్మం తాను పాటిస్తూ అక్కడే ఉంటుంది. మెనూలో అరనిమిషం సంగీతం, అయిపోతే మళ్లీ మొదటి నుంచి, అయిపోతే మళ్లీ. ఒక రాత్రి సినిమా చూస్తూ నిద్రపోయాను. తెల్లవారుజామున లేచేసరికి అదే వయొలిన్, అదే చోట ఎత్తుకుని, అదే చోట ఆపి, మళ్లీ ఎత్తుకుంటోంది. ఆ లెక్కన నిద్రలో దాన్ని ఎన్ని వందల సార్లు విన్నానో. ఆ ముక్క ఇప్పటికీ స్నానం చేసేటప్పుడు నా నోట్లోంచి వస్తుంది. సినిమా కథ మాత్రం గుర్తులేదు.

సీడీలతో పెట్టుకుంటే ఇంకో వైభవం. ఐదు సీడీలు వేసి, అన్నిట్లోంచీ కలిపి ఏదో ఒక పాట వేయమని ర్యాండమ్ నొక్కాను. నాలుగు నిమిషాలు పాట. తర్వాత గర్ర్, టక్, రాట్నం నిండా ఒక చుట్టు, మళ్లీ టక్, గిర్రు, తడుముడు. ఆ తర్వాత రెండో పాట, అది మొదటి సీడీలోదే వేసింది. పక్క గదిలోంచి మా ఆవిడ, “ఏవండీ, వాషింగ్ మెషిన్ పెట్టారా?” అని అడిగింది. ఇది అభిప్రాయాల్లో ఎక్కడా లేదు. ఉండాల్సింది.

న్యాయం విషయంలోనూ ఈ ప్లేయరు చాలా కఠినం. డబ్బు పెట్టి కొన్న డిస్కు వేయగానే, దొంగ కాపీలు తీస్తే జైలు అని హెచ్చరిక వస్తుంది. దాటేద్దామని నొక్కితే తెర మీద ఒక అడ్డగీత గుర్తు పడుతుంది, కుదరదని. అలా కుదరనివ్వకూడదని డిస్కులోనే రాసి ఉంటుంది, ప్లేయరు వినయంగా పాటిస్తుంది. ఐదు డిస్కులు కొన్నవాడికి ఐదుసార్లు హెచ్చరిక. దొంగ కాపీ చూసేవాడికి ఆ ముక్కే కోసేసి ఉంటుంది, వాడు హాయిగా సినిమాలోకి వెళ్లిపోతాడు.

ఇది చాలదన్నట్టు ప్రపంచాన్ని ఆరు ముక్కలు చేసి రీజియన్ కోడ్లు పెట్టారు. అమెరికా, కెనడా ఒకటో నంబరు. జపాన్, యూరప్‌లో చాలా భాగం రెండో నంబరు. విమానాలకి, ఓడలకి విడిగా ఎనిమిది. ఒక ముక్కలో కొన్న డిస్కుని ఇంకో ముక్కలో కొన్న ప్లేయరు గుర్తుపట్టదు. గుర్తుపట్టినా పట్టనట్టు నటిస్తుంది. ఇక్కడ మాత్రం యజమానుల అభిప్రాయాలకి చేతులెత్తి దండం పెట్టాలి. కొందరు నక్షత్రాలూ పొగడ్తలూ పక్కన పెట్టి, ఏ మోడల్‌కి రిమోటు మీద ఏ మీటలు ఏ వరసలో నొక్కితే ఈ సరిహద్దులన్నీ చెరిగిపోతాయో గుట్టుగా రాసిపెట్టారు. ప్రపంచ శాంతి కోసం ఇంత తక్కువ మీటలతో ఇంత పని చేసినవాళ్లు ఇంకెవరైనా ఉన్నారా?

ఐదుతో ఆగని మహానుభావులూ ఉన్నారు. 300, 400 డిస్కులు పట్టే ప్లేయర్లు కూడా వచ్చాయి. 400 సినిమాలంటే రాత్రింబగళ్లు నిద్రలేకుండా చూసినా ముప్పై మూడు రోజుల పైచిలుకు. అందులో ఏ గడిలో ఏ సినిమా ఉందో గుర్తుండాలంటే, రిమోటుతో ఒక్కో అక్షరం వెతుక్కుంటూ పేర్లన్నీ ఎక్కించుకోవాలి. అంత ఓపిక లేనివాళ్లు పక్కన నోటుబుక్కు పెట్టుకుంటారు. ఆ నోటుబుక్కు పోయిందా, సినిమా కోసం 237 నొక్కి దేవుడి మీద భారం వేయాలి. వాళ్ల ముందు నేను సామాన్యుణ్ణి. ఐదు డిస్కులు నిండా రెండు పొరలవే అయినా నా ఆస్తి మొత్తం 42.5 జీబీ. ఇప్పుడది చిటికెన వేలిగోరంత మెమరీ కార్డులో పట్టి, ఇంకా చోటు మిగులుతుంది. ఆ కార్డుకి రాట్నం లేదు మరి.

ఇంతకీ నా ప్లేయరు ఇప్పుడెలా ఉందో చెప్పలేదు. ట్రేని బయటికి తోసేది సన్నటి రబ్బరు బెల్టు. ఏళ్లు గడిచేకొద్దీ సాగిపోతుంది. మోటారు తిరుగుతుంది, బెల్టు జారుతుంది, ట్రే మాత్రం కదలదు. మాది ముందు రెండో ప్రయత్నానికి తెరుచుకునేది, తర్వాత ఐదో ప్రయత్నానికి. తర్వాత పైన అరచేత్తో ఒకటి చరిస్తే గానీ తెరుచుకునేది కాదు. ఒకరోజు రెండు వేళ్ల మందం బయటికొచ్చి, లోకాన్ని ఒకసారి చూసి, తిరిగి లోపలికి వెళ్లిపోయింది. మళ్లీ రాలేదు.

అప్పటికి లోపల ఐదు డిస్కులున్నాయి. మూడో గడిలోది మా బావది.

“బావా, నా డిస్కు?” అని కనబడినప్పుడల్లా అడుగుతాడు.

“ప్లేయరులో ఉంది.”

“తీసివ్వచ్చుగా?”

“వరసలో ఉంది.”

పై మూత మరలు విప్పి, లోపలి పళ్ల చక్రాన్ని వేలితో తిప్పితే వచ్చేస్తుందని ఒక యజమాని రాశాడు. స్క్రూడ్రైవరు అలమారలో పై అరలో ఉంది, దానికోసం లేవాలి. పైగా అంత తొందరేముంది? మా దాంట్లో రాట్నం తిప్పే మోటారు వేరు, అది నిక్షేపంగా ఉంది. ఐదు డిస్కులూ బ్రహ్మాండంగా ఆడుతున్నాయి. రెండేళ్లుగా మేం అవే చూస్తున్నాం. మా బావ సినిమాలో డైలాగులు మా పిల్లలకి నోటికొచ్చు.

నిన్న రాత్రి నేను కూడా నా అభిప్రాయం రాసి పంపాను: “చాలాకాలంగా వాడుతున్నాను. గత రెండేళ్లలో డిస్కు మార్చడానికి ఒక్కసారి కూడా సోఫాలోంచి లేవలేదు. ఐదు నక్షత్రాలు.”