లాలాజలం పరీక్షతో ముక్కు వెనుక క్యాన్సర్ స్టేజి తెలియదు

“నాసోఫారింజియల్ క్యాన్సర్ ఏ స్టేజిలో ఉందో లాలాజలంతో చేసే జీన్ టెస్ట్ చెప్పేస్తుంది. స్కాన్ అక్కర్లేదు. జీన్ మంచిదైతే భయమే లేదు.” అందరూ ఫార్వర్డ్ చేస్తున్న ఈ మూడు మాటలూ తప్పే.

జీన్ స్టేజి చెబుతుందన్నది ముందు చూద్దాం. పుట్టుకతో వచ్చిన జన్యు తేడా జీవితాంతం మారదు. గడ్డ ఒకటో స్టేజిలో ఉన్నా, నాలుగుకు చేరినా ఆ రిపోర్టు ఒక్కటే. ఫలానా తేడా ఉన్నవాళ్లలో ముదిరిన కేసులు ఎక్కువని కొన్ని అధ్యయనాలు చెప్పిన మాట నిజం. తేడా ఉన్న 100 మందిలో 70 మంది, లేని 100 మందిలో 54 మంది ముదిరాకే వచ్చారనుకోండి. ఆడ్స్ రేషియో, అంటే రెండు గుంపుల్లో ముదిరినవాళ్లకూ ముదరనివాళ్లకూ ఉన్న నిష్పత్తులను పోల్చే లెక్క, దాదాపు 2, కాగితం మీద ఘనంగానే ఉంటుంది. కానీ తేడా ఉన్నా 30 మంది తొలిదశలోనే ఉన్నారు, లేనివాళ్లలో సగానికి పైగా ముదిరిపోయారు. ఎదురుగా ఉన్న రోగి ఏ గుంపో దీంతో ఎలా తేలుస్తాం? పైగా 10 తేడాలను 4 లక్షణాలతో పోలిస్తే 40 పోలికలు. పి విలువ (సంబంధం లేకున్నా కేవలం యాదృచ్ఛికంగా ఇలాంటి ఫలితం వచ్చే అవకాశం) 0.05 దగ్గర గీత గీస్తే, ఏ సంబంధమూ లేకపోయినా సగటున 2 “దొరుకుతాయి”. అందుకే వేరే రోగుల్లోనూ అదే తేలిందా అని చూడాలి.

“స్కాన్ అక్కర్లేదు” అన్నది ప్రాణం మీదికి తెచ్చే మాట. స్టేజి అంటే గడ్డ ఎంతదూరం పాకిందన్న లెక్క, అది చూపేది స్కానే. అందులో టీ అంటే గడ్డ వ్యాప్తి, ఎన్ అంటే మెడ గ్రంథులకు పాకడం. గడ్డ పుర్రె అడుగు ఎముకలోకి పాకితే టీ3. మెడలో రెండు వైపులా గ్రంథులకు వస్తే ఎన్2, అవి 6 సెంటీమీటర్లు దాటినా, క్రికాయిడ్ మృదులాస్థి (స్వరపేటిక అడుగున ఉండే ఉంగరం) కిందికి దిగినా ఎన్3. రేడియేషన్ ఎక్కడ పడాలో గీసేదీ ఎమ్మారై చూసే.

ఇక మంచి జీన్. హెచ్‌ఎల్‌ఏ-ఏ 11:01 అనే రోగనిరోధక జన్యు రకం ఉన్న దక్షిణ చైనా ప్రజల్లో ఈ జబ్బు ముప్పు తక్కువే. తగ్గడం వేరు, రాకపోవడం వేరు. 2017లో వెలువడిన హాంకాంగ్ అధ్యయనంలో 20,174 మంది మగవాళ్ల ప్లాస్మాలో (రక్తంలోని ద్రవ భాగంలో) ఈ క్యాన్సర్‌తో ముడిపడిన ఎప్‌స్టీన్-బార్ వైరస్ డీఎన్ఏ వెతికారు. అది వైరస్‌ది, మన జన్యువు కాదు. క్యాన్సర్ తేలిన 34 మందిలో 71 శాతం ఒకటి, రెండు స్టేజీల్లోనే దొరికారు. స్క్రీనింగ్ లేని పాత రోగుల్లో అది 20 శాతం. అదే ఊరి జనం, మారింది పట్టుకున్న సమయం.

ఈ గడ్డ ఎక్కువగా మొదలయ్యేది చెవి నాళం ద్వారం వెనుక గుంటలో. నాళం నొక్కుకుపోతే చెవిలో నీరు చేరుతుంది. పెద్దవాళ్లకు ఒక్క చెవే వారాల తరబడి మూసుకుపోయినా, మెడలో నొప్పిలేని గడ్డ కనిపించినా, ముక్కు కఫంలో రక్తపు చార పడినా ఈఎన్‌టీ డాక్టరుతో ఎండోస్కోపీ చేయించుకోండి. అనుమానం ఉంటే అక్కడి నుంచే బయాప్సీ ముక్క తీస్తారు.