మేకుల మాట మాత్రం ఒప్పుకోను
9 అంగుళాల మేకు సుత్తితో పూర్తిగా దిగ్గొడితే టెంటు కదలదని, టెంటు వేయడం మీద వచ్చిన వ్యాసంలో రాశారు. మన బెంగళూరు దగ్గరి రామనగర ఎర్రమట్టిలో అయితే సరే. రాజస్థాన్ ఎడారి పండుగ మరు మహోత్సవానికి వెళ్లి జైసల్మేర్ దగ్గరి సామ్ ఇసుక దిబ్బల్లో దిగ్గొడితే, వేలితో లాగినా ఊడొస్తుంది. పొడి ఇసుక మేకును పట్టదు, అక్కడ బరువే పట్టాలి. బెంగళూరు నుంచి బయల్దేరేటప్పుడు 25 కిలోల ఖాళీ బియ్యం సంచులు ఆరో ఎనిమిదో మడిచి పెట్టుకోండి. అక్కడ సగం దాకా ఇసుక నింపి, మూతి బిగించి, మెడకు తాడు కట్టి, అడుగున్నర గోతిలో పాతి గట్టిగా తొక్కాలి. టెంటు వైపు చిన్న గాడి తీస్తే తాడు ఏటవాలుగా బయటికొస్తుంది. నిట్టనిలువుగా వచ్చిందా, గాలికి సంచి పైకి పెళ్లగించుకుని వచ్చేస్తుంది. దిబ్బ నెత్తిన గాలి ఎక్కువ, పల్లంలో రాత్రి చలి పేరుకుంటుంది, మధ్యలో చదును చూసుకోవాలి. ఇసుకకు జిప్పు బిగుసుకుంటే నూనె మాత్రం రాయొద్దు, ఇంకా ఇసుక అంటుకుంటుంది. పాత టూత్‌బ్రష్‌తో దులిపి కొవ్వొత్తి రుద్దితే చాలు. అన్నట్టు, స్టవ్ గ్యాస్ డబ్బాను విమానంలో చెక్-ఇన్ సామానులో కూడా పోనివ్వరు.