మూడున్నర నుంచి ఏడింటిదాకా మన పిల్లలు ఎవరి బాధ్యత?

హైదరాబాద్‌లో నిజాంపేటలోనో కొండాపూర్‌లోనో సాయంత్రం ఆరున్నరకు, బడి వదిలాక పిల్లల్ని ఉంచే ఏదైనా ప్లే క్లబ్ గేటు దగ్గర ఓ పది నిమిషాలు నిలబడి చూడండి. లోపల మెట్ల మీద ఇద్దరు ముగ్గురు పిల్లలు కూర్చుని ఉంటారు. ఒంటి మీద ఇంకా స్కూలు యూనిఫామే, బూట్లు కూడా విప్పలేదు, బ్యాగు ఒళ్లో ఉంది. వీధిలో స్కూటీ చప్పుడు వినపడినప్పుడల్లా తలెత్తి చూస్తారు, తమ అమ్మది కాదని తెలిశాక మళ్లీ దించుకుంటారు. హాల్లో కార్టూన్ నడుస్తుంటుంది గానీ చూసేవాళ్లు లేరు. ఉన్న ఒక్క ఆయా గదులు ఊడుస్తోంది. గోడల నిండా మాత్రం జిరాఫీలు, ఏనుగులు, రంగురంగుల సీతాకోకచిలుకలు.

ముందుగా ఒక మాట. పిల్లల్ని క్లబ్బులో ఉంచే తల్లిదండ్రులను తప్పుపట్టడానికి ఇది రాయడం లేదు. బడి మూడున్నరకో నాలుగింటికో వదిలేస్తుంది. ఆఫీసు ఆరింటికి వదిలినా మైండ్‌స్పేస్ జంక్షన్ దాటి మియాపూర్ చేరేసరికి ఏడవుతుంది, వాన పడిందా ఇక ఆ రోజు లెక్కే వేసుకోనక్కర్లేదు. అమ్మమ్మ కరీంనగర్‌లో ఉంటుంది, నాయనమ్మ నరసరావుపేటలో ఉంటుంది. ‘డబ్బు కోసం పిల్లల్ని పరాయివాళ్ల చేతుల్లో పెట్టారు’ అని చుట్టాలు అనే మాటలు వినీవినీ ఆ తల్లులు ఇప్పటికే అలిసిపోయి ఉన్నారు. నెలనెలా ఫీజు కట్టి, తమ బిడ్డను ఎవరైనా కనిపెట్టుకుని ఉండాలని కోరుకుంటున్నారు, అంతే. ఆ కనిపెట్టుకుని ఉండటం జరుగుతోందా లేదా అన్నదే మా ప్రశ్న.

జరిగే చోట్లు లేకపోలేదు. అపార్ట్‌మెంట్ గ్రౌండ్ ఫ్లోర్‌లో, ఓ డజను మంది పిల్లలతో, ఒకరిద్దరు ఆడవాళ్లు కలిసి నడిపేవి ఈ నగరంలో చాలానే ఉన్నాయి. పిల్లలు రాగానే కాళ్లు కడుక్కోమంటారు, యూనిఫాం మార్పిస్తారు, వేడివేడిగా ఉప్మానో అటుకులో పెడతారు. పల్లీలు పడనిది ఎవరికో, నిద్ర ఆగనిది ఎవరికో వాళ్లకు తెలుసు. గోడ మీద ఒక్క జిరాఫీ కూడా ఉండకపోవచ్చు. అయినా ఆ పిల్లలు ఇంటికి వెళ్లేటప్పుడు ‘బై ఆంటీ’ అని అరుచుకుంటూ వెళ్తారు, మర్నాడు రానని మారాం చెయ్యరు.

తేడా అంతా మనుషుల దగ్గరే ఉంది. అడగందే అమ్మైనా పెట్టదంటారు, కానీ ఆరేళ్ల పిల్ల కొత్తచోట ఏదీ అడగదు. మధ్యాహ్నం పన్నెండున్నరకు తిన్న డబ్బా నాలుగింటికల్లా అరిగిపోయినా ఆకలి అనదు. బాత్‌రూమ్ అని అడగడానికి భయపడి బిగబట్టుకుంటుంది, చివరికి తడిసిన బట్టలతోనే ఇంటికి వస్తుంది. పెద్ద పిల్లాడు చెయ్యి మెలిపెట్టాడని నాలుగు రోజుల తర్వాత, అదీ అన్నం తింటూ ఏదో గుర్తొచ్చినట్టు చెబుతుంది. కాబట్టి అడక్కుండానే ముఖం చూసి తెలుసుకునే పెద్ద మనిషి ఒకరు పక్కన ఉండాలి. ముప్పై మందికి ఒక ఆయా ఉంటే, ఆవిడే ఊడ్చి, ఆవిడే పాలు కాచి, ఆవిడే గేటు తీస్తుంటే, ఎంత మంచి మనిషైనా ఎవరి ముఖం చూడగలదు? ఆమెకిచ్చే జీతం చాలక మూడు నెలలకే మానేసి వెళ్లిపోతే, పిల్లలు మళ్లీ మొదటి నుంచి కొత్త మనిషికి అలవాటు పడాలి.

‘మా దగ్గర సీసీ కెమెరాలున్నాయి, ఫోన్లోనే చూసుకోవచ్చు’ అని నిర్వాహకులు గొప్పగా చెబుతారు. ఉండాలి, వద్దనం. కానీ ఆఫీసు మీటింగులో బల్ల కింద ఫోన్ పెట్టుకుని తల్లి చూసేది బిడ్డ కూర్చుని ఉందన్న సంగతి మాత్రమే. ఒళ్లు వెచ్చబడిందో లేదో కెమెరా చెప్పదు.

ఇక చట్టం సంగతి. విద్యాహక్కు చట్టం 2009 బడిలో పిల్లలను కొట్టడాన్ని, మానసికంగా వేధించడాన్ని నిషేధించింది, ప్రాథమిక తరగతుల్లో 30 మందికి ఒక టీచరు ఉండాలంది. జాతీయ బాలల హక్కుల కమిషన్ ప్రైవేటు ప్లేస్కూళ్ల మార్గదర్శకాల్లో 20 మందికి ఒక టీచరు, ఒక ఆయా అని రాసింది, కానీ అవి మూడు నుంచి ఆరేళ్ల వాళ్లకే. 2017లో మాతృత్వ ప్రయోజనాల చట్టాన్ని సవరించి, 50 మంది పనిచేసే ప్రతి సంస్థకూ క్రెష్, అంటే ఉద్యోగుల పిల్లల్ని చూసుకునే చోటు, ఉండాలన్నారు, అది పసివాళ్ల కోసం. రెండో తరగతి చదివే ఏడేళ్ల పిల్ల బడి గేటు దాటి క్లబ్ వ్యాను ఎక్కిన క్షణం నుంచి ఈ మూడింట్లో ఏదీ ఆమె వెంట రాదు. మున్సిపాలిటీ ఇచ్చే ట్రేడ్ లైసెన్స్ చూపిస్తారేమో, అది చెప్పుల దుకాణానికైనా ఇచ్చేదే.

ఘోరం జరిగాక శిక్షించే చట్టాలు గట్టిగానే ఉన్నాయి. బాలల న్యాయ చట్టం 2015లోని 75వ సెక్షన్ ప్రకారం, పిల్లల సంరక్షణ అప్పగించిన సంస్థలో పనిచేసేవాళ్లు క్రూరంగా ప్రవర్తిస్తే ఐదేళ్ల దాకా జైలు, ఐదు లక్షల దాకా జరిమానా. పిల్లల మీద లైంగిక నేరం సంగతి తెలిసీ చెప్పకపోతే, ఆ నేరాల నుంచి పిల్లలను కాపాడే పోక్సో చట్టం కింద అదీ నేరమే. 2022 అక్టోబరులో బంజారాహిల్స్‌లోని ఒక స్కూల్లో నాలుగేళ్ల పాప మీద అఘాయిత్యం బయటపడ్డప్పుడు దొరికింది టీచరు కాదు, డ్రైవరు. మన నగరం ఆ సంగతి మరిచిపోకూడదు. వ్యాను నడిపేవాడు, వాచ్‌మన్, డ్యాన్స్ నేర్పడానికి వారానికి రెండు రోజులు వచ్చే మనిషి, వీళ్లలో ఎవరికైనా పోలీసు వెరిఫికేషన్ చేయించారా అని అడిగితే చాలా చోట్ల నీళ్లు నములుతారు. జరగకముందే చూసే అధికారి మనకు కావాలి.

ఇంగ్లండులో ఎనిమిదేళ్ల లోపు పిల్లలను డబ్బు తీసుకుని రోజుకు రెండు గంటలకు మించి చూసుకునేవాళ్లు సాధారణంగా అక్కడి తనిఖీ సంస్థ ఆఫ్‌స్టెడ్ దగ్గర రిజిస్టర్ కావాలి. అంత దూరం ఎందుకు, పిల్లల సాయంత్రాలు ప్రభుత్వ బాధ్యతేనని మన నగరమే ఒకప్పుడు అనుకుంది కదా. నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్‌లోని జవహర్ బాలభవన్ ఆ ఆలోచనతో వచ్చిందే. నామమాత్రపు ఫీజుకు పాట, ఆట, బొమ్మలు నేర్పుతారు. కాకపోతే మియాపూర్ పిల్లకు నాంపల్లి అందేదెలా?

స్త్రీ శిశు సంక్షేమ శాఖ, విద్యాశాఖ కలిసి కూర్చుని, జూన్‌లో బడులు తెరిచేలోపే ఈ క్లబ్బులన్నిటికీ రిజిస్ట్రేషన్ తప్పనిసరి చెయ్యాలి. ఎంతమంది పిల్లలకు ఎంతమంది పెద్దలో రాసి గేటు మీదే పెట్టించాలి, పిల్లల హెల్ప్‌లైన్ 1098 నంబరు వాళ్లకు కనిపించే ఎత్తులో రాసి ఉండాలి, చెప్పకుండా వచ్చి చూసే తనిఖీ ఉండాలి. ఇంట్లో పదిమందిని చూసుకునే ఆంటీని ఫైర్ ఎన్‌వోసీ (అగ్నిమాపక శాఖ అనుమతి పత్రం) పేరుతో తిప్పించి మూయించకండి. ఆమెకు తేలిక నిబంధనలు, పెద్ద సెంటర్లకు గట్టి నిబంధనలు పెట్టండి.

తల్లిదండ్రులకూ ఒక మనవి. అడ్మిషన్ రోజున ఏసీ గది చూసి రాకండి. డిసెంబరులో ఐదూ నలభైకే పొద్దు గుంకుతుంది, అలాంటి ఒక రోజు చీకటి పడ్డాక, చెప్పకుండా వెళ్లండి. మేనేజరును కాదు, ఆయాను పక్కకు పిలిచి ‘మా పాప ఇవాళ ఏం తిన్నదమ్మా, ఎవరితో ఆడుకుంది’ అని అడగండి.