అడవి కాలితే ఎవరి నష్టం రాసుకుంటున్నాం?

నల్లమలలో మంటల కాలం ఫిబ్రవరిలోనే మొదలవుతుంది. ఆకు రాల్చే అడవి కనుక శివరాత్రి నాటికి నేలంతా ఎండుటాకే. ఇక్కడ నిప్పు సాధారణంగా చెట్ల కొసలకు ఎగబాకదు, నేల మీద పాకుతూ పోతుంది. మద్ది, చిరుమాను లాంటి పెద్ద చెట్లు బెరడు మాడినా చాలావరకు తట్టుకుని మళ్లీ చిగురేస్తాయి. కలప పోలేదు, పులి చావలేదు కాబట్టి అది చిన్న మంట అనుకుని వదిలేస్తాం.

కానీ అడవి అంచు పల్లెల బతుకు ఉన్నది నేలకు దగ్గరగానే. చెంచుల గుడిసెల కప్పుకు వేసే బోదగడ్డి, మేకలూ గొడ్లూ మేసే మేత, తినే గడ్డ ఎక్కడుందో జాడ చెప్పే ఎండు తీగలు, రేపటి చెట్లయ్యే మొలకలు, అన్నీ ఒక్క పూటలో బూడిదవుతాయి. పొగకు తేనెటీగలు పట్టు వదిలిపోతాయి. ఎన్ని హెక్టార్లు కాలిందో నివేదికలో ఉంటుంది. ఎన్ని ఇళ్లకు ఆ ఏడాది కప్పుగడ్డి లేకుండా పోయిందో ఉండదు.

పైగా నింద కూడా ఆ పల్లెలవాళ్ల మీదే పడుతుంది. అందులో కొంత నిజముంది, దాచాల్సిన పని లేదు. ఇప్పపువ్వు తెల్లవారుజామున రాలుతుంది. ఎండుటాకుల మధ్య ఆ లేత పువ్వు కంటబడదు. అందుకే చెట్టు కింద ఆకుకు నిప్పంటిస్తారు. నల్లబడ్డ నేల మీద పువ్వు దూరం నుంచే మెరుస్తుంది, ఏరడం సులువు. చుట్టూ ఆకు ఊడ్చి గీత తీసి కాలిస్తే ప్రమాదం తక్కువే. అయితే ఎండ ముదిరేలోగా చెట్టు చెట్టూ తిరగాల్సిన ఆడమనిషికి అంత తీరిక ఎక్కడిది? చెట్టు కింద వల పరిస్తే అసలు నిప్పే అక్కర్లేదు. మరి ఆ వల కొనిచ్చేదెవరు?

బీడీలు చుట్టే తునికాకుదీ ఇదే వరస. లేత ఆకు రావాలంటే పొదలు నరికి మోడెం కొట్టాలి, దానికి కూలి కావాలి. నిప్పు పెడితే చిగురు ఖర్చు లేకుండా వస్తుంది. యాభై ఆకుల కట్టకు ఇంతని, ఆకు కొనే కల్లంలో లెక్కగట్టే వ్యాపారంలో ఈ దగ్గరి దారి తొక్కేవాళ్లూ ఉన్నారు. వీటికి శ్రీశైలం రోడ్డు మీద విసిరేసే సిగరెట్ పీకలు, బాటసారులు ఆర్పకుండా వదిలేసిన పొయ్యిలు తోడవుతాయి. ఆ దారిన పోయేవాళ్లను ఎవరూ అడగరు. కేసు భయం మాత్రం ఊరివాళ్లకే.

మంట పుడితే ఉపగ్రహం కనిపెడుతుంది, ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా నుంచి సిబ్బంది ఫోన్‌కు మెసేజ్ వస్తుంది. మంచి ఏర్పాటే. అయినా కొండలెక్కి వెళ్లి పచ్చి కొమ్మలతోనో బ్లోయర్‌తోనో ఆర్పేది మనుషులే. 2014 మార్చిలో శేషాచలం అంటుకుని తిరుమల దాకా సెగ తగిలినప్పుడు వైమానిక దళం హెలికాప్టర్లు వచ్చాయి. రావాల్సిందే. చెంచుపెంట, అంటే చెంచుల గూడెం, పక్కన అడవి కాలితే వచ్చేది మాత్రం ఆ పెంట నుంచే తీసుకున్న ఫైర్ వాచర్.

నా వాదన ఒక్కటే. అడవి మీద హక్కు లేనివాడిని కాపలాకు పిలిస్తే అది కూలిపనే అవుతుంది. 2006 అటవీ హక్కుల చట్టం సామూహిక అటవీ వనరులను కాపాడుకునే, నిర్వహించుకునే హక్కు గ్రామసభకు ఇచ్చింది. ప్రాణహిత అవతల మహారాష్ట్ర గడ్చిరోలిలో మెండా లేఖా లాంటి ఊళ్లు ఆ హక్కు సాధించి వెదురు తామే అమ్ముకున్నాయి. ఆదాయం ఊరి చేతికొస్తే నిప్పు పెట్టేవాడిని ఊరే నిలదీస్తుంది. మన దగ్గర పోడు పట్టాల మీద జరిగినంత చర్చ ఈ సామూహిక హక్కుల మీద జరగలేదు.

నిప్పు పాకకుండా ఆకు ఊడ్చి తీసే ఫైర్ లైన్ల పని జనవరిలోనే గ్రామసభలకు అప్పగించి, కూలి వారం వారం చేతికివ్వాలి. ఇప్పచెట్లున్న ప్రతి పెంటకూ పువ్వు రాలకముందే వలలు చేరాలి. కాలిన చోట బోదగడ్డి, మేత ఎంత పోయిందో పంచనామాలో రాసి, తొలకరిలోపు పరిహారం చెల్లించాలి.